కుడివైపు కడుపునొప్పితో ఆసుపత్రికి బయల్దేరే ముందు

- నొప్పి ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకోండి, డాక్టరు ముందు అడిగేది అదే. ఈ నొప్పి అపెండిక్స్ వాచడం వల్ల కావొచ్చు. అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే సన్నటి గొట్టం, మామూలుగా 6 నుంచి 9 సెంటీమీటర్లు. అది వాస్తే నొప్పి చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందకు దిగుతుంది. కొందరికి ఆ గొట్టం పెద్దపేగు వెనక నక్కి ఉంటుంది. వాళ్లకు నొప్పి నడుం వైపు తెలియొచ్చు.
- ఏమీ తినకండి, తాగకండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు. అమ్మ మజ్జిగ గ్లాసుతో వెంటపడినా సరే.
- ఆముదం, విరేచనాల మాత్రలు అసలొద్దు.
- నొప్పి హఠాత్తుగా తగ్గిందా? సంబరపడి ఆగిపోకండి, అపెండిక్స్ పగిలి ఉండొచ్చు.
- విశాఖలో గాజువాక నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు బైక్ మీదా? గతుకు గతుకుకీ ప్రాణం పోతుంది. 108కి ఫోన్ చేయండి.
- ఆధార్, వాడుతున్న మందుల చీటీ. గర్భిణి అయితే ముందే చెప్పాలి.