గ్యాస్ మాత్రలు మెల్లగా మానడం ఎలా?

హనుమకొండలో ఏ ఇంటికి వెళ్లినా ఫ్రిజ్ మీదో, దేవుడి గూటి పక్కనో గ్యాస్ మాత్రల షీటు ఒకటి కనిపిస్తుంది. మా ఇంట్లో రెండు ఉండేవి, రెండూ నావే. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు, స్కానింగులో ఏమీ లేదన్నారు. అయినా తిన్న గంటకల్లా కడుపు ఉబ్బేది. ఆఫీసులో మాట పడ్డ రోజున మంట రెట్టింపయ్యేది. ఇలాంటి దాన్ని వైద్యులు ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. కడుపునొప్పితో పాటు విరేచనంలో తేడాలు ఉంటే ఐబీఎస్ అంటారు. మెదడుకూ పేగులకూ మధ్య నడిచే సమాచారం గాడి తప్పడం వల్ల వచ్చే బాధ ఇది. పుండు లేదు గానీ నొప్పి నిజం. నెలకని రాసిన మాత్ర నాకు మూడేళ్లు సాగింది. మానబోయి రెండుసార్లు ఓడిపోయాను.

మొదటి పని: షీటు వెనక్కి తిప్పి మందు పేరు చదవండి. కంపెనీ పెట్టిన పెద్ద పేరు కాదు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ అని ఉంటే అది ఆమ్లాన్ని తగ్గించే మందు. క్లోర్‌డయాజెపాక్సైడ్ అనో క్లోనాజెపామ్ అనో ఉంటే మాత్రం ఆగండి. పేగుల మెలిపెట్టుకు ఇచ్చే కొన్ని మాత్రల్లో ఆందోళన తగ్గించే మందు కలిసి ఉంటుంది. అది వాడుతున్నామన్న సంగతే చాలామందికి తెలియదు. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టదు, వణుకు పుడుతుంది, కొందరికి మూర్ఛ కూడా రావచ్చు. దాన్ని వైద్యుడు వేసిన లెక్క ప్రకారమే తగ్గించాలి. డిప్రెషన్‌కు వాడే అమిట్రిప్టిలిన్‌ను తగ్గించే విషయమూ అంతే. పేగుల నొప్పికి దాన్ని 10 మిల్లీగ్రాములంత చిన్న మోతాదుతో మొదలుపెడతారు. ‘అది పిచ్చి మందట’ అని చుట్టాలెవరో అన్నారని విసిరేయకండి. రెండు మందులు ఒకేసారి తగ్గించవద్దు. ఏది తగ్గిస్తే ఏమైందో తేల్చుకోలేరు.

తర్వాత వైద్యుడి దగ్గరికి వెళ్లి, ‘ఈ మాత్ర నాకు ఇంకా ఎందుకు?’ అని సూటిగా అడగండి. గతంలో కడుపులో పుండు నుంచి రక్తం పోయినవారికి, అన్నవాహిక బాగా దెబ్బతిన్నవారికి, ఆస్పిరిన్ గానీ కీళ్ల నొప్పుల మాత్రలు గానీ రోజూ వాడే పెద్దవాళ్లకు ఆమ్లం తగ్గించే మాత్ర కవచం లాంటిది కావచ్చు. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, మలం నల్లగా రావడం ఉంటే మానే ఆలోచన పక్కనపెట్టి పరీక్షలు చేయించుకోవాలి.

మొదలుపెట్టడానికి మామూలు నెల చూసుకోండి. మేడారం జాతరకు బండి కట్టే వారమో, ఇంట్లో పెళ్లి పెట్టుకున్న నెలో వద్దు. నా మొదటి ప్రయత్నం దసరా నాటి యాటకూరతోనే ముగిసింది.

ఇక తగ్గించడం. పాంటోప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మందు 40 మిల్లీగ్రాములు వాడేవారు వైద్యుడు సరేనంటే 20కి దిగి రెండు నుంచి నాలుగు వారాలు ఉండవచ్చు. ఆపైన రోజు విడిచి రోజు, తర్వాత అవసరమైనప్పుడే. మాత్రను సగానికి విరవకండి, పైపూత పోతే మందు కడుపు ఆమ్లంలోనే పాడైపోతుంది. తక్కువ మోతాదు మాత్రే కొనుక్కోండి. వేసుకున్న రోజున తిండికి అరగంట ముందు వేసుకోండి. ఈ రకం మందును ఒక్కసారిగా ఆపినా, మెల్లగా తగ్గించినా సరేనని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో చెప్పింది. నాకైతే మెల్లగా తగ్గించడమే పడింది.

నన్ను రెండోసారి ఓడించింది ఆ తర్వాతి ఘట్టమే. మాత్ర తగ్గగానే మంట తిరిగొస్తుంది. జబ్బు తిరగబెట్టిందనుకుంటాం, మళ్లీ షీటు కొంటాం. నిజానికి చెరువు తూము చాలాకాలం మూసి ఒక్కసారి ఎత్తితే నీళ్లు ఎలా దూకుతాయో ఇదీ అలాంటిదే. మందు వాడినన్నాళ్లూ ఆమ్లం ఊరించే గ్యాస్ట్రిన్ హార్మోను పెరిగి ఉంటుంది. అడ్డు తీయగానే కొన్ని వారాలు ఆమ్లం మామూలుకంటే ఎక్కువ ఊరుతుంది. 2009లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో 120 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. ఎనిమిది వారాలు ఈ రకం మందు మింగి ఆపినవారిలో 44 శాతం మందికి, తర్వాతి నాలుగు వారాల్లో మంట, పులితేన్పుల వంటివి కనిపించాయి. మందు లేని ఉత్త మాత్ర మింగినవారిలో 15 శాతం మందికే. అసలు జబ్బే లేనివాళ్లకు వచ్చిన మంట అది! ఆ వారాల్లో వైద్యుడిని అడిగి యాంటాసిడ్ సిరప్ దగ్గర పెట్టుకోండి. దానికీ మిగతా మందులకూ రెండు గంటల ఎడం ఉండాలి.

గోడమీది క్యాలెండరులో మంట వచ్చిన తేదీ కింద నేను చుక్క పెట్టేవాణ్ణి. రెండు నెలల చుక్కలు చూస్తే కారం తిన్న ఆదివారాల కింద పెద్దగా లేవు, మళ్లీ ఆఫీసు మొదలయ్యే సోమవారాల కింద గుత్తులుగా ఉన్నాయి. అప్పటిదాకా పచ్చిపులుసును అనవసరంగా తిట్టుకున్నాను.

అందుకే మందు తగ్గించడానికి ముందే మనసు పని మొదలుపెట్టాలి. చెయ్యి పొట్టమీద పెట్టి, పొట్ట లేచేలా గాలి పీల్చి, పీల్చిన దానికంటే నిదానంగా వదలండి. పూటకు పది నిమిషాలు చాలు. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడక నాకు అచ్చొచ్చింది. దిగులు మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి; ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రెండు నెలలు దాటినా మంట తగ్గకపోతే మళ్లీ వైద్యుడిని కలవండి. హాయిగా ఉన్న కడపటి మోతాదుకు వెనక్కి వెళ్లమంటే వెళ్లండి, అందులో చిన్నతనమేమీ లేదు. నేను రోజు విడిచి రోజు దగ్గరే ఐదు వారాలు ఆగిపోయాను.