గుర్రపు స్వారీ కొత్తగా నేర్చుకునేవారు ట్రాట్‌లో (నడకకూ పరుగుకూ మధ్య వేగంలో) కుదురుగా కూర్చోవడం ఎలా?

హైదరాబాదు చుట్టుపక్కల స్వారీ నేర్పే చోట్లు పెరిగాయి, నేర్చుకోవాలన్న ఉత్సాహమూ పెరిగింది. చాలాచోట్ల మాత్రం వచ్చినవారిని మొదటి రోజే గుర్రమెక్కించి, చేతికి పగ్గాలిచ్చి మైదానంలో తిప్పుతున్నారు. ఏళ్ళ తరబడి కొత్తవారికి స్వారీ నేర్పుతున్న నాకు ఇంతకంటే బాధ కలిగించేది మరొకటి లేదు. కళ్ళెంలోని ఇనుప కడ్డీ గుర్రం నోట్లో పళ్ళు లేని ఖాళీ చోట, నాలుక మీదా చిగుళ్ళ మీదా ఆనుతుంది. పట్టు తప్పినవాడు చేతికి అందినదాన్ని గుంజడం సహజం కనుక, ఆ గుంజుడంతా ఆ మెత్తటి చోటే పడుతుంది. ఒకసారి ఒక శిక్షణ కేంద్రంలో, పగ్గాలు పట్టుకుని వేలాడుతూ గంటసేపు స్వారీ చేసినవారు దిగిన తరువాత కళ్ళెం తీస్తే కడ్డీకి నెత్తురు అంటుకుని ఉంది. ఆ రోజు నుంచి, కూర్చోవడం వచ్చేదాకా ఎవరి చేతికీ నేను పగ్గాలివ్వలేదు.

సామగ్రికి పెద్ద హంగు అక్కరలేదు. గడ్డం కింద పట్టీ బిగించుకోగల స్వారీ హెల్మెట్, రికాబులోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టే కడియంలోంచి) పాదం జారిపోకుండా కాస్త మడమ ఎత్తున్న బూట్లు, ఒంటికి పట్టి ఉండే మెత్తటి ప్యాంటు చాలు. జీన్స్ వేసుకోకూడదు, లోపలి కుట్టు తొడలను ఒరుసుకుని పుండు చేస్తుంది. గుర్రానికి పన్నెండేళ్ళు దాటి ఉండాలి, నెమ్మదిగా ఉండాలి. నా మాట అడిగితే, చెవుల కొనలు లోపలికి వంగి ఉండే మార్వారీ గుర్రమే కొత్తవారికి తగినది. పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ జాతి గుర్రాన్ని కొత్తవారికి ఇవ్వనే కూడదు, పగ్గం బిగిస్తే దాని మీద ఒరిగి ఇంకా వేగంగా పరుగెత్తడానికి అలవాటుపడిన జీవి అది.

గుర్రానికి సరిగ్గా ముక్కు ముందున్నదీ, సరిగ్గా తోక వెనుక ఉన్నదీ కనిపించవు కనుక ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళాలి. జీను కట్టేటప్పుడు పొట్ట ఉబ్బించే గుర్రాలు చాలా ఉంటాయి, అందువల్ల నాలుగడుగులు నడిపించాక పొట్ట కింది పట్టీని మళ్ళీ బిగించాలి. వేళ్ళ కొనలను రికాబు పట్టీ జీనుకు కట్టిన చోట ఆనించి చేయి చాచితే రికాబు చంకను తాకాలి, అదే దాని కొలత. ఎప్పుడూ ఎత్తుపీట మీద నిలబడే ఎక్కాలి. నేల మీద నుంచి ఎక్కితే జీను ఒక పక్కకు లాగి గుర్రం వీపు నలిగిపోతుంది.

మొదటి పది పాఠాలలో గుర్రం పగ్గాలు మీ చేతిలో ఉండవు. ఏడెనిమిది మీటర్ల తాడు ఒక కొస గురువు చేతిలో ఉంటుంది, గుర్రం ఆయన చుట్టూ వలయంగా తిరుగుతుంది, మీరు చేసేది కూర్చోవడం ఒక్కటే. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్త శిష్యులను నెలల తరబడి పగ్గాలూ రికాబులూ లేకుండా ఇలాగే తిప్పుతారు. మొదటి రోజే పగ్గాలిస్తే త్వరగా వస్తుందనేవారు, ఆరు నెలల తరువాత కూడా పగ్గాలు పట్టుకునే వేలాడుతున్న తమ శిష్యులను ఒకసారి చూడాలి.

ఇక అసలు కష్టం ట్రాట్‌లో ఉంది. మామూలు నడకలో గుర్రం నాలుగు కాళ్ళనూ విడివిడిగా వేస్తుంది కాబట్టి కుదుపు ఉండదు. ట్రాట్‌లో ముందరి ఎడమకాలూ వెనుక కుడికాలూ ఒక జతగా, మిగిలిన రెండూ మరొక జతగా పడతాయి, జతకూ జతకూ మధ్య గుర్రం క్షణకాలం గాలిలో ఉంటుంది. అది కిందికి దిగిన ప్రతిసారీ జీను మిమ్మల్ని పైకి విసురుతుంది. ఆ విసురుకు ఎదురు తిరగకుండా, ఒక జత పడిన దెబ్బకు లేచి, మరొక జత పడిన దెబ్బకు కూర్చోవడమే చేయవలసిన పని. దాదాపు అందరూ చెడగొట్టేదీ ఇక్కడే.

లేవడమంటే నిలబడడమని అనుకుంటారు. రికాబులను తొక్కి నిటారుగా లేవబోతే పాదాలు ముందుకు జారిపోతాయి, ఒళ్ళు వెనక్కి వాలుతుంది, ఆ తరువాత బరువంతా ధన్‌మని గుర్రం వీపు మీద పడుతుంది. నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు ఆ దెబ్బ తింటున్న గుర్రం వీపు కుంగదీసి, తల ఎత్తి, అడుగులు కురచ చేస్తుంది. దాన్ని చూసి గుర్రానిది మొండితనమని కొరడా ఎత్తేవారున్నారు, అది అన్యాయం.

మీరు లేవకూడదు, గుర్రమే మిమ్మల్ని లేపాలి. అది విసిరినప్పుడు తుంటిని పైకి కాక ముందుకు, గుర్రం మెడ వైపు కదలనివ్వాలి. జీనుకూ మీకూ మధ్య అరచేయి పట్టేంత ఖాళీ వస్తే చాలు. మోకాళ్ళతో జీనును నొక్కిపట్టకూడదు, అలా పడితే మడమలు పైకి లేచిపోతాయి. కూర్చునేటప్పుడు, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన మంచం మీద కూర్చున్నంత మెల్లగా దిగాలి. ముందుగా నిలబడి ఉన్న గుర్రం మీద ఇరవైసార్లు, తరువాత నడకలో ఇరవైసార్లు ఇది చేయాలి. ఆ తరువాతే, గుర్రం మెడకు కట్టిన తోలు పట్టీనో జూలునో పట్టుకుని, వలయంలో ఒక్క చుట్టు ట్రాట్ చేయాలి. ‘ఒకటి, రెండు’ అని పైకి లెక్కపెట్టుకోవాలి, లెక్కపెడితే ఊపిరి బిగబట్టడం కుదరదు. లయ తప్పితే వెంటనే నడకకు దించమని గురువును అడగాలి. తప్పిన లయతో మరో పది చుట్లు తిరిగితే అలవాటయ్యేది ఆ తప్పే.

లయ కుదిరాక ఏ అడుగుకు లేవాలన్నది వస్తుంది. వలయానికి బయటి వైపున్న గుర్రం భుజం ముందుకు వెళ్ళినప్పుడు లేవాలి, వెనక్కి వచ్చినప్పుడు కూర్చోవాలి. బయటి ముందరికాలు ముందుకు సాగేటప్పుడు దాని జత అయిన లోపలి వెనుకకాలు కూడా గుర్రం పొట్ట కిందికి వస్తుంది, ఆ క్షణాన మీ బరువు వీపు మీద లేకపోతే ఆ కాలు హాయిగా చాచుకుంటుంది. తప్పు అడుగుకు లేస్తున్నట్టు గమనిస్తే ఒక దెబ్బ అదనంగా కూర్చుని మళ్ళీ లేస్తే సరిపోతుంది. వలయంలో దిశ మారిన ప్రతిసారీ ఇది మార్చుకోవాలి. దీనికోసం తల వంచి చూడకూడదు, చూపు మాత్రమే దించాలి.

పాఠం ముగిసే ముందు పది నిమిషాలు గుర్రాన్ని నడిపించి చల్లబరచాలి. జీను దించాక గుర్రాన్ని సైసుకు, అంటే దాన్ని చూసుకునే పనివాడికి, అప్పగించి వెళ్ళిపోకుండా, వెన్నెముకకు రెండు పక్కలా మూడు వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ నడుము దాకా వెళ్ళాలి. గుర్రం కదలకుండా నిలబడితే మరునాడు ఇంకో చుట్టు ఎక్కువ ట్రాట్ చేయవచ్చు. వీపు కుంగదీసినా, చర్మం వణికించినా, చెవులు వెనక్కి వాల్చినా జీను సరిగా పట్టిందో లేదో గురువుకు చూపించాలి. జీనులో లోపం లేకపోతే ఆ నొప్పి మీరు కూర్చున్న తీరు వల్ల వచ్చినదే. గుర్రానికి రెండు రోజులు విశ్రాంతినిచ్చి, మీరు మళ్ళీ నిలబడి ఉన్న గుర్రం మీద ఇరవైసార్లు లేచి కూర్చోవడం నుంచి మొదలుపెట్టండి.