ఫౌజుల ఉన్న మన పోరగాళ్లకు ఫారిన్ ‘సెక్యూరిటీ జాబ్’ ఆఫర్ వస్తె ఏం చెయ్యాలె

మన పరకాల, హుజూరాబాద్, జమ్మికుంట దిక్కు ఏ ఊరు తీస్కున్నా గల్ఫ్ పోయినోడు ఉంటడు, ఫౌజుల ఉన్నోడూ ఉంటడు, అందుకే ఏజెంట్ ఫోన్ చేసి ఫారిన్ ల సెక్యూరిటీ జాబ్ అంటె ఎవ్వలకు అనుమానం రాదు. కాని ఆ ఫోన్ సర్వీస్ ల ఉన్న జవాన్ కు వచ్చిందంటె కథ వేరే. ఏజెంట్ కు కావాల్సింది వాచ్‌మెన్ కాదు, మన సర్కార్ నేర్పిన ఫైరింగ్, డ్రోన్, సిగ్నల్స్ పని. కిరాయి సైనికుడు, అంటె పైసల కోసం వేరే దేశం యుద్ధంల కొట్లాడేటోడు, అనే మాట మాత్రం ఎన్నడు వాని నోట్లకెల్లి రాదు.

మెసేజ్ ఎట్లుంటదో చూడుండ్రి: “ఎక్స్ ఆర్మీ, సర్వింగ్ కూడా ఓకే, నెలకు రెండు లక్షలు, టికెట్ మాదే, ఇంటర్వ్యూ ఫోన్ ల.” నువ్వు హలో అంటె చాలు, ఏ యూనిట్, ఎన్నేండ్ల సర్వీస్, ఏ వెపన్ మీద చేసినవ్, ఇప్పుడు పోస్టింగ్ ఎక్కడ అని ఒక్కొక్కటి అడుగుతడు. మాల్ కాడ నిలబడే గార్డుకు ఇవన్నీ ఎందుకు చెప్పుండ్రి. జాబ్ అబద్ధమైనా నువ్వు చెప్పిన యూనిట్ వివరాలు మాత్రం వాని చేతికి పోయినట్టే.

అందుకే మొదటి పని, జవాబు ఇయ్యకు, చాట్ డిలీట్ చెయ్యకు. స్క్రీన్‌షాట్, నంబర్, ప్రొఫైల్ లింక్ తీస్కొని నీ సుబేదార్ సాబ్ కో కంపెనీ కమాండర్ కో చూపియ్యి. చుట్టీల ఉంటె యూనిట్ కు ఫోన్ చెయ్యి. నీకు వచ్చిన మెసేజ్ ఇంకో పది మందికి వచ్చి ఉంటది, నువ్వు చెప్తేనే వాళ్లు బతికేది.

చుట్టీల ఉన్నప్పుడే “గిట్ల పోయి అట్ల రా, మేం చూస్కుంటం” అని నూరిపోస్తరు. ఆర్మీ యాక్ట్ 1950 సెక్షన్ 38 ప్రకారం డిసర్షన్ కు, అంటె ఫౌజు ఇడిసి పారిపోతె, ఏడేండ్ల దాక జైలు, యాక్టివ్ సర్వీస్ ల (శత్రువు మీద ఆపరేషన్ ల) ఉంటె మరణశిక్ష దాక పోతది. పంపినోడు కూడా తప్పించుకోలేడు, సైనికున్ని డ్యూటీ నుంచి తప్పియ్య చూస్తె భారతీయ న్యాయ సంహిత 159, డిసర్షన్ కు ఉసిగొల్పితె 163. రిటైర్ అయినంక కూడా దేశ రహస్యాలు బయటపెట్టొద్దనే అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ వదలదు. కిరాయికి కొట్లాడి పట్టుబడ్డోనికి 1977 జెనీవా ప్రోటోకాల్ (యుద్ధ నియమాల ఒప్పందం) ఆర్టికల్ 47 ప్రకారం యుద్ధ ఖైదీ హక్కు కూడా ఉండదు.

ఇంట్లోళ్లు దీన్ని ముందే పట్టొచ్చు, నా లెక్కల అసలు కాపలా మీరే. కాజీపేట ల రైలు దిగిన పోరడు చుట్టీ పెంచుతున్నడు, యూనిట్ ఎన్ఓసీ లేకుండ పాస్‌పోర్ట్ సంగతి మాట్లాడుతున్నడు, ఫోన్ తీస్కొని దూరం పోతున్నడు అంటె తిట్టకుండ కూసోబెట్టి అప్పు ఎంతుందో అడుగుండ్రి. చాలా సార్లు దీని కింద ఉండేది అప్పే, చెల్లె పెండ్లి, సగంల ఆగిన ఇల్లు, ఆన్‌లైన్ ల పోగొట్టుకున్న పైసలు, అది ఎవ్వలకు చెప్పలేక ఏజెంట్ మాట వింటడు. అమ్మా, వదినా, మీరే ముందు మాట కలపాలె. ఏఎఫ్‌పీపీ ఫండ్ (ఫౌజోళ్ల ప్రావిడెంట్ ఫండ్) ల అడ్వాన్స్, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఇంటి లోన్ గురించి యూనిట్ ల అడగమని చెప్పుండ్రి, అప్పు సంగతి సాబ్ కు చెప్తె నామోషీ ఏం లేదు.

అగ్నివీర్ల మీద ఇంకా ఎక్కువ కన్ను ఉండాలె. వీళ్లను 2022 జూన్ ల వచ్చిన అగ్నిపథ్ స్కీం కింద నాలుగేండ్లకే తీస్కుంటరు, అందుల 25 శాతం మంది దాక మాత్రమే పర్మనెంట్ చేస్తరు. మిగిలినోళ్లు చిన్న వయసుల ఒక్కసారే ఇచ్చే సుమారు 11.71 లక్షల సేవా నిధితోటి, పెన్షన్ లేకుండ ఇంటికొస్తరు. ఏజెంట్ కు ఇంతకన్న ఏం కావాలె. అందుకే బయటికి రాకముందే జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీస్ ల తర్వాత ఏ ఉద్యోగం చూస్కోవాలె, ఏ కోర్సు చెయ్యాలె అని అడిగి పెట్టుకోవాలె.

ఇది మనకు దూరం ముచ్చట కాదు. 2024 ల రష్యాల హెల్పర్ పని, సెక్యూరిటీ పని అని తీస్కపోయి యుద్ధంల దింపిన కేసులల్ల తెలంగాణ పిల్లలు కూడా ఉన్నరు, హైదరాబాద్ పోరడు ఒకడు పాణం ఇడిసిండు. వాళ్లు సైనికులు గూడ కాదు, మామూలు పిల్లలు. 2025 జనవరిల విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అట్ల రష్యా సైన్యంల చేరిన మనోళ్లు 126 మంది, 96 మంది తిరిగొచ్చిండ్రు, 12 మంది చనిపోయిండ్రు, 16 మంది ఆచూకీ లేదు. బ్రిటన్ మాజీ పైలట్లనే చైనాకు ట్రైనింగ్ ఇయ్యమని పెద్ద జీతాలు ఆశ చూపెట్టి పిలిచిండ్రని 2022 అక్టోబర్ ల ఆ దేశం హెచ్చరించింది, ఆస్ట్రేలియా అయితె 2024 ల మాజీ సైనికులు విదేశీ మిలిటరీకి పనిచెయ్యాలంటె పర్మిషన్ తీస్కోవాలె అని చట్టమే తెచ్చింది.

రిటైర్ అయ్యి నిజంగనే పోవాలె అనుకుంటె, కేంద్ర సర్కార్ ఈమైగ్రేట్ పోర్టల్ ల ఏజెంట్ లైసెన్స్ నంబర్ చూడు, టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ సర్కార్ సంస్థ) ల అడుగు. ఏజెంట్ సర్వీస్ ఛార్జ్ 30 వేలు ప్లస్ జీఎస్టీ మించి తీస్కోవద్దు. విజిట్ వీసా మీద పోవద్దు, చదవరాని భాషల ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు, కంపెనీ పేరు చెప్పకుండ “అక్కడికి పోయినంక చూద్దాం” అంటె అక్కడికే ఆపెయ్యి.

ఎవరన్న ఇప్పటికే పోయి ఇరుక్కుంటె లేట్ చెయ్యొద్దు. ఇండియన్ ఎంబసీకి మెయిల్, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ల కంప్లైంట్, విదేశాల పోయినోళ్ల కోసం ఉన్న సర్కార్ హెల్ప్‌లైన్ 1800 11 3090 కు ఫోన్, ఇక్కడ పోలీస్ స్టేషన్ ల ఏజెంట్ మీద కేసు, అన్నీ ఒక్క దినంల చెయ్యుండ్రి. పాస్‌పోర్ట్, వీసా, టికెట్, కాంట్రాక్ట్, ఏజెంట్ నంబర్, లాస్ట్ లొకేషన్, వీటి ఫోటోలు మనిషి ఇల్లు దాటకముందే ఇంట్లోళ్ల ఫోన్ ల ఉండాలె.