గురుగ్రహం మీదుగా శనికి దారి లెక్క కట్టడం ఎలా?

బెజవాడ జంక్షన్‌లో రైలు మారాల్సినవాళ్లు ముందు రెండో రైలు టైమే చూసుకుంటారు. గురుగ్రహం ఆకర్షణతో వేగం పెంచుకుని నౌకను శనికి పంపడంలోనూ అంతే. భూమి నుంచి గురుగ్రహానికి సుమారు 13 నెలలకోసారి వీలు కుదురుతుంది. అక్కడి నుంచి శనికి కలిసొచ్చేది దాదాపు 20 ఏళ్లకోసారే. కాబట్టి తేదీలు శని వైపు నుంచి వెనక్కి ఎంచుకోండి.

సొంత తేదీలకు ముందు, ఇదే దారిలో వెళ్లిన నాసా నౌక వాయేజర్-2 తేదీలతో ఒకసారి చేయండి. జవాబు తెలిసిన లెక్క అయితే తప్పు ఎక్కడ పడిందో పట్టుకోవచ్చు. ప్రయోగం 1977 ఆగస్టు 20, గురుగ్రహం 1979 జులై 9, శని 1981 ఆగస్టు 26.

నాసా ప్రయోగశాల జేపీఎల్ వారి ఆన్‌లైన్ గ్రహాల పట్టిక హొరైజన్స్‌లో, సూర్యుడు కేంద్రంగా, మూడు గ్రహాల స్థానం, వేగం ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో అంచెకు (భూమి నుంచి గురుగ్రహం, అక్కడి నుంచి శని) లాంబర్ట్ సమస్య, అంటే రెండు స్థానాలు, మధ్య సమయం ఇచ్చి దారి కనుక్కునే లెక్క, సాధిస్తే గురుగ్రహం దగ్గర నౌకకు రెండు వేగాలు వస్తాయి: చేరేటప్పటిది, వదిలేటప్పటిది. రెండింటి నుంచీ గురుగ్రహం వేగాన్ని తీసేయండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎక్స్, వై, జెడ్ విడివిడిగా తీసేయాలి, మొత్తం వేగాల అంకెలను కాదు.

మిగిలిన రెండు వేగాల పరిమాణం సమానంగా ఉండాలి. గురుగ్రహం వైపు నుంచి చూస్తే నౌక దిశ మారుతుందే తప్ప వేగం మారదు. సొంత తేదీలకు తేడా 0.01 కి.మీ./సె. లోపుకు వచ్చేదాకా శని తేదీని జరుపుతూ పోండి. వాయేజర్ తేదీలు జరపకండి, లాంబర్ట్ లెక్కలో సూర్యుడొక్కడే ఉంటాడు గనక కాస్త తేడా ఉంటుంది.

ఇక ఎంత దగ్గరగా వెళ్లాలి? గురుగ్రహం ఆకర్షణ బలాన్ని చెప్పే 12.67 కోట్లను, పైన మిగిలిన వేగం (కి.మీ./సె.) వర్గంతో భాగించండి. మిగిలిన రెండు వేగాల దిశల మధ్య కోణమే మలుపు కోణం. దానిలో సగానికి సైన్ కట్టి, 1ని దానితో భాగించి, 1 తీసేసి, ఆ రెంటినీ గుణించండి. వాయేజర్-2కు వేగం 7.6 కి.మీ./సె., మలుపు 97.5 డిగ్రీలు, దూరం 7.2 లక్షల కి.మీ. వస్తుంది. ఇది కేంద్రం నుంచి. మేఘాల పైనుంచి కావాలంటే గురుగ్రహం వ్యాసార్ధం 71,492 కి.మీ. తగ్గించాలి.

కేంద్రం నుంచి 71,492 కన్నా తక్కువ వస్తే ఆ దారి గ్రహం లోపల నుంచి పోతోందన్నమాట. ఎక్కువ వచ్చినా సంబరపడకూడదు: 1973లో నాసా నౌక పయనీర్-10 మేఘాలకు 1.3 లక్షల కి.మీ. దగ్గరగా వెళ్లినప్పుడు రేడియేషన్ వల్ల తప్పుడు ఆదేశాలు పుట్టి, గురుగ్రహం ఉపగ్రహం అయో ఫొటో పోయింది. తొలి ప్రయత్నానికి కేంద్రం నుంచి 3.57 లక్షల కి.మీ.కు తగ్గకండి. వేగం పెరగాలంటే నౌక గ్రహానికి వెనకగా దాటాలి. ముందుగా దాటితే తగ్గుతుంది.

సమయం దగ్గర జాగ్రత్త. హొరైజన్స్ వేగాల పట్టిక మన గడియారం ప్రకారం ఉండదు. పొరపాటున భారత కాలమానం వేస్తే అయిదున్నర గంటలు తేడా. సెకనుకు 13 కి.మీ. నడిచే గురుగ్రహం ఈలోపు దాదాపు 2.6 లక్షల కి.మీ. పక్కకు పోయి ఉంటుంది.