ఆల్టర్నేటర్ మార్చేయమన్నారు, తప్పు తీగదని తేలింది

అమలాపురంలో పొద్దున్నే కారు తాళం తిప్పితే టక్, టక్ అని ఆగిపోయింది. బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. పక్కింటి బాబాయి గారి బండి బ్యాటరీకి తీగలు కలిపి, జంప్ ఇచ్చి స్టార్ట్ చేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, బండిని ఒకసారి చూసి "ఆల్టర్నేటర్ పోయిందండీ" అన్నాడు. ఇంజిన్ నడుస్తుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపేది అదే. అన్ని వేల రూపాయలు పెట్టే ముందు నేనే చూద్దామని వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీశాను.

ఇంజిన్ ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 దాకా ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, నాకు 12.4 దాటలేదు. ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు బిగువుగానే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చేయకండి, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, కాలిపోవచ్చు.

చొక్కా చేతులు మడిచి, బెల్టుకి వేళ్లు దూరంగా ఉంచి, ఆల్టర్నేటర్ వెనక, బ్యాటరీకి వెళ్లే లావు తీగ బోల్టు మీద ఎర్ర ప్రోబ్ పెట్టాను. నల్లది బ్యాటరీ నెగటివ్ మీదే. 14.5! కరెంటు తయారవుతోంది, దారిలో రెండు వోల్టులు మాయమవుతున్నాయి. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగకపోవడానికి కారణం అదే అనుకుంటా.

ఇంజిన్ ఆపి, ముందు నెగటివ్ టెర్మినల్ తీసి ఆ బోల్టు విప్పితే, రింగు నిండా పచ్చటి చిలుము. మా కోనసీమ తేమ సంగతి తెలిసిందే కదా. గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజిలిన్ రాశాను. బ్యాటరీ దగ్గర ఇప్పుడు 14.2.