డాస్ 7.1 దొరికిందా? కాస్త ఆగండి

చీమకుర్తిలో గ్రానైట్ లారీలు తూచే వేబ్రిడ్జి గదిలో మా బావ ఇంకా డాస్ (విండోస్‌కి ముందు నాటి, ఆదేశాలు టైప్ చేసి నడిపే మైక్రోసాఫ్ట్ సిస్టమ్) కంప్యూటరే వాడుతున్నాడు. దానికి ‘ఎంఎస్-డాస్ 7.1’ సీడీ కావాలని ఒంగోలంతా తిరిగాడు. మైక్రోసాఫ్ట్ విడిగా అమ్మిన చివరి డాస్ 1994 నాటి 6.22. విడిగా తిరిగే 7.1 అంతా విండోస్ కడుపులోంచి ఎవరో లాగి ప్యాక్ చేసిందే.

అలాంటి కాపీ దొరికితే వీ, ఈ, ఆర్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. 4.10.2222 అని వస్తే విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌ది, 4.10.1998 అయితే మొదటి 98ది. ఉత్త 7.1 అని చూపిస్తే లోపల ఫైళ్లు ఎవరో మార్చారన్నమాట. బిల్లుల మిషన్‌లో నేనైతే అది పెట్టను.

అసలు ఫ్యాట్32 (పెద్ద డిస్కుల్లో ఫైళ్లు అమర్చే పద్ధతి; 7.1 చదువుతుంది, 6.22 చదవలేదు) డిస్క్ లేకపోతే ఈ తిరుగుడే దండగ. 2 జీబీ పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) వరకూ 6.22 చాలు.