అరకు ఘాట్‌లో ఇంజన్ వేడెక్కితే మేం చేసిన పని

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి రాకముందే మా కారులో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పాకింది.

వెంటనే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టాను. ఎండలో హీటరేంటని అమ్మ విసుక్కుంది. కానీ హీటర్ ఇంజన్ నీళ్లలోని వేడినే లాగి కారులోకి వదులుతుంది, ఆ మేరకు ఇంజన్‌కు ఊరట. కాస్త వెడల్పున్న చోట ఆపి, చక్రాల వెనక రాళ్లు పెట్టాం.

ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ మూతను మావయ్య తిప్పబోతే చేయి పట్టుకుని ఆపాను. "ఇప్పుడొద్దు మావయ్యా, మొహం కాలిపోతుంది!" ఇక్కడ మాత్రం దయచేసి ఎవరూ తొందరపడకండి. లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఆవిరై మీదికి ఎగజిమ్ముతాయి. చేత్తో ముట్టుకునేంత చల్లారేదాకా చెట్టు నీడన కూర్చున్నాం. పిల్లలకు ఆకలి, నాకు టెన్షన్. అయినా కదల్లేదు.

చల్లారాక వెతికితే రేడియేటర్ పైభాగంలోని రబ్బరు పైపు చివర తడి కనిపించింది. క్లిప్ వదులైంది, అంతే. స్క్రూడ్రైవర్‌తో బిగించి, మూత మీద గుడ్డ వేసి మెల్లగా తీసి, తాగే నీళ్లే కొద్దికొద్దిగా పోశాం.

మిగతా ఎత్తంతా ఏసీ లేకుండా, చిన్న గేర్లలో నిదానంగా ఎక్కాం. బొర్రా గుహల మలుపు దగ్గర ఆపి చూస్తే పైపు పొడిగానే ఉంది. విశాఖ వచ్చాక ఆ నీళ్లు తీయించి, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్ నింపించాను, కొత్త క్లిప్ వేయించాను.